శ్రుతి తప్పని గిటారు

అల్లూరు గాలిలో ఉప్పెక్కువ. పాటపాటకీ నా గిటారు తీగల శ్రుతి జారిపోయేది, చర్చిలో అందరూ నా కోసం ఆగేవాళ్లు. ఆ తలవంపు పడలేకే కొత్త ఎలక్ట్రిక్ గిటారు తెచ్చాను. దీని బ్రిడ్జిలో, అంటే తీగలు కింద ఆనే చోట, స్ప్రింగులుంటాయి. పైన తీగ బిగించే కీ అటూ ఇటూ తిప్పినా శ్రుతి కదలదు.

ఆ ఆదివారం మూడు పాటలు ఏకబిగిన వాయించాను. ముందు వరసలో రెబెక్కమ్మ మాత్రం కుదురుగా లేదు. ప్రతి పాట చివరా సగం లేచి మళ్లీ కూర్చుంటోంది. నాకు ఒళ్లు మండింది.

వంగి అడిగాను. "ఏం పెద్దమ్మా, సౌండు పడలేదా?"

"బాగానే ఉండాది అబ్బయా. నువ్వు తీగలు సవరించుకునేటప్పుడే గదా నేను లేసి ప్రార్థన మనవి చెప్పుకునేది. ఈపొద్దు నువ్వు ఆగితే గదా! రేపు నా బిడ్డకు గుండె ఆపరేషను."

ఇన్నేళ్లూ చెవి తీగల మీదే ఉన్న నాకు ఆ మనవులెప్పుడూ వినపడలేదు.

"ఒక్క నిమిషం, తీగ జారింది," అని అందరికీ వినపడేలా చెప్పి కీ పట్టుకున్నాను.

రెబెక్కమ్మ లేచి నిలబడింది. ఎంత తిప్పినా శ్రుతి మారని ఆ తీగను, ఆమె చెప్పుకుని కూర్చునేదాకా సవరిస్తూనే ఉన్నాను.