ఆదినారాయణగారి ముప్ఫై తొమ్మిది

శుక్రవారం లోపల హీరో ఆదినారాయణ అసలు వయసు తేలకపోతే విలేకరి త్రినాథరావు ఉద్యోగం ఊడుతుంది. సినిమా వారపత్రిక ఎడిటర్ ఆ మాట నవ్వకుండా చెప్పాడు.

ఆదినారాయణకి ముప్ఫై తొమ్మిది. పదకొండేళ్లుగా ముప్ఫై తొమ్మిదే. ఈ ఏడాది, అంటే తొంభై ఒకటిలో, కాలేజీ కుర్రాడి వేషం వేస్తున్నాడు.

త్రినాథరావు లెక్కలు త్రినాథరావుకున్నాయి. మనిషి కాగితాన్ని కంటికి జానెడు దూరంలో పెట్టి చదివితే ముప్ఫై, మూరెడు దూరంలో పెడితే నలభై అయిదు. ఈ లెక్క ఇక్కడ పారలేదు. హీరోగారికి డైలాగులు అసిస్టెంటు చదివి వినిపిస్తాడు. పాటలో హీరోయిన్ ఎన్ని చుట్లు తిరిగితే హీరో ఒక్క అడుగు వేస్తాడో లెక్కపెట్టాడు. డెబ్భై అయిదొచ్చింది. అది మరీ అన్యాయమని కొట్టేశాడు. హీరో సొంతూరు తెనాలి వెళ్లి బడి రిజిస్టరు అడిగితే చెదలు తినేశాయన్నారు. ఆ చెదల్ని హీరోగారే పంపించి ఉంటాడని అతని అనుమానం.

గురువారం పొద్దున జూబ్లీహిల్స్‌లో, బండరాళ్ల మధ్య కట్టిన బంగళాలో పెళ్లి సీను. ఇదే ఆఖరి అవకాశం. సీను సహజంగా రావాలని హీరోగారు తెనాలి నుంచి పంతులుగారిని రప్పించాడు. తొమ్మిదీ పన్నెండుకి ముహూర్తం కూడా పెట్టించాడు.

మొదట్లోనే పేచీ. హీరోయిన్ తల్లి లీలాకుమారి అడ్డం తిరిగింది. ఒకప్పుడు ఆవిడా ఆదినారాయణ పక్కన హీరోయినే.

"నిజం మంత్రాలు చదువుతుంటే పెళ్లికాని పిల్ల మెడలో తాళేంటండీ? నేనొప్పుకోను."

"అయితే మా ఆవిడ కూర్చుంటుంది లెండి. మొహం కనపడకుండా తీసుకుంటారు," అన్నాడు ఆదినారాయణ.

భార్య శేషారత్నం వచ్చి పీటల మీద కూర్చుంది. షూటింగ్ చూడ్డానికి ఊరి నుంచి చుట్టాలు దిగారు, కొత్త బట్టల్లో. కెమెరామన్ రెండు షాట్లు తీసి టిఫినుకి వెళ్లాడు. మంత్రాలు మాత్రం ఆగలేదు. తాళి కడుతుంటే శేషారత్నం గ్లిజరిన్ లేకుండానే ఏడ్చింది. మొగుడికన్నా ఈవిడ నటనే నయమనుకున్నాడు త్రినాథరావు.

అతని చూపంతా హీరో మోకాళ్ల మీదే ఉంది. మూడు గంటలు బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి ఏది పట్టుకుని లేస్తాడో చూడాలి.

దేన్నీ పట్టుకోకుండా లేచాడు.

త్రినాథరావుకి ఇంటి దగ్గర పెళ్లాం, ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. చెక్‌పోస్టు దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి ఎడిటర్‌కి ఫోన్ చేశాడు.

"నావల్ల కాలేదు సార్. నిజంగానే ముప్ఫై తొమ్మిదేమో."

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు ఎడిటర్.

బయటికొస్తే ఇందాకటి పంతులుగారు సంచితో నిలబడి ఉన్నారు. తెనాలి బస్సు ఎక్కాలట. ఎలాగూ వేరే పనిలేదు కాబట్టి త్రినాథరావు ఆయన్ని స్కూటరు మీద ఎక్కించుకున్నాడు. దారిలో ఊరికే ఉండలేక అడిగాడు.

"సినిమా పెళ్లికి మూడు గంటల మంత్రాలెందుకండీ?"

"సినిమా పెళ్లికైతే మూడు నిమిషాలు చాలు నాయనా," అన్నారాయన, "షష్టిపూర్తికి మాత్రం అన్నీ చదవాల్సిందే."