చక్కెర లేని కాఫీ

"ఇది మూడోసారి! ఇంత డబ్బు పోసి ముందు వరుసలో కూర్చున్నది ఈ విషం తాగడానికా?"

మమ్దూహ్ కప్పును ట్రే మీద ఠంగుమనిపించాడు. కువైట్ నుంచి కైరో వెళ్తున్న విమానం అది. బిజినెస్ క్లాసులో ఉన్న పదిమందీ తలలు తిప్పి చూశారు.

ఎయిర్ హోస్టెస్ జుమాన ముఖాన నవ్వు చెదరలేదు. "ఏమైంది సార్?"

"చక్కెర సమంగా వెయ్యమన్నాను. మళ్ళీ సాదా కాఫీయే తెచ్చావు. చుట్టూ చూడు. అందరికీ తియ్యటి కాఫీ, పక్కన బస్బూసా మిఠాయి ముక్క. నాకేమో ఒట్టి చేదు! మన వైపు సాదా కాఫీ పోసేది చావు పరామర్శల్లోనే కదా! నేనేమైనా పరామర్శ పందిట్లో కూర్చున్నానా? మా ఇంట్లో ఎవరైనా పోయారా?"

ఆ చివరి మాట నోరు దాటగానే తనే ఉలిక్కిపడి ఆగిపోయాడు.

కిటికీ పక్క సీట్లోంచి షహీరా నెమ్మదిగా అంది. "కప్పు కాఫీ కోసం గొడవెందుకు మమ్దూహ్? దిగగానే మీ అన్నయ్య ఎదురొస్తాడుగా. కావలసినంత చక్కెర వేయించి తాగిస్తాడు."

"వస్తాడు వదినా. ఎందుకు రాడు?"

"రవూఫ్ గొంతు విని నాలుగు రోజులైంది."

"ఎన్నిసార్లు చెప్పాలి? ఫోన్ పోగొట్టుకున్నాడు. నిన్ను వెంటబెట్టుకు రమ్మని నన్ను పంపించిందే ఆయన."

నిన్న కువైట్‌లో దిగినప్పటి నుంచీ ఇదే జవాబు. మాట మారలేదు. కళ్ళు మాత్రం ఒక్కసారీ ఆమె కళ్ళలోకి చూడలేదు. షహీరాకు తెలియాల్సింది ఒక్కటే. భర్త బతికున్నాడా, లేడా? అది కైరోలో దిగేలోపే తెలియాలి. దిగాక ఈ మనిషి కారే ఎక్కాలి.

మమ్దూహ్ విసుగ్గా హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడు. సినిమా పెట్టుకున్నాడు. తెర మీద హీరో పెదవులు కదులుతున్నాయి. చెవుల్లో మాత్రం ఖురాన్ పారాయణం వినిపిస్తోంది. పరామర్శ పందిట్లో చదివినట్టు, సన్నగా, సాగదీస్తూ. ఇంకో సినిమాకు మార్చాడు. అదే గొంతు. పాటలకు మార్చాడు. అదే గొంతు.

హెడ్‌ఫోన్స్ పీకి పారేశాడు. "వదినా, నీ దాంట్లో ఏం వస్తోంది?"

"సినిమా. చాలా నవ్వొస్తోంది. చూస్తావా?"

షహీరా ముఖంలో నవ్వు లేదు.

ఇంతలో జుమాన నాలుగో కప్పు తెచ్చింది. మమ్దూహ్ ఆత్రంగా ఒక గుక్క తాగాడు. మరుక్షణం అతని ముఖం వంకర్లు తిరిగింది. చేదు!

"ఆటలాడుతున్నావా?" లేచి నిలబడ్డాడు. "నాకు సాదా కాఫీ పొయ్యమని ఎవరు చెప్పారు నీకు?"

జుమాన ఒక అడుగు వెనక్కి వేసింది. "మీవాళ్ళే చెప్పారు సార్. మీరు అరిచినా, కేకలేసినా చక్కెర వెయ్యొద్దన్నారు."

షహీరా వేళ్ళు సీటు బెల్టును బిగించి పట్టుకున్నాయి.

"మావాళ్ళా? ఎవరు?"

జుమాన ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత అతని భుజం మీదుగా వెనక్కి చూసింది.

"ఆ చివరి వరుసలో కూర్చున్నాయన. మీ అన్నయ్యనని చెప్పారు. 'మా తమ్ముడు దుఃఖంలో ఉన్నాడమ్మా, ఇవాళ వాడికి సాదా కాఫీయే పొయ్యి' అన్నారు."

మమ్దూహ్ వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఏసీ చల్లగా వీస్తున్నా నుదుటి మీంచి చెమట ధారలు కట్టింది.

"అబద్ధం," గొణిగాడు.

"నిజమే సార్. కావాలంటే మీరే వెళ్ళి..."

"అబద్ధం!" విమానం అదిరేలా అరిచాడు. "వాడెలా వస్తాడు? రాలేడు! అంత లోతు సముద్రంలోంచి ఎవడూ రాలేడు! పడవలోంచి తోసింది నేనే కదా! మునిగేదాకా చూసింది నేనే కదా!"

క్యాబిన్‌లో చెంచా చప్పుడు కూడా ఆగిపోయింది.

వెనక వరుసలోంచి ఇద్దరు మగవాళ్ళు లేచారు. స్టీవార్డు పరుగెత్తుకొచ్చాడు. ముగ్గురూ కలిసి అతని చేతులు కట్టేసి వెనక భాగంలోకి నడిపించారు. మమ్దూహ్ పెనుగులాడలేదు. చివరి వరుస దాటేటప్పుడు మాత్రం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

షహీరా చాలాసేపు ఏడ్చింది. జుమాన మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళ గ్లాసు అందించింది.

"కైరో పోలీసులకు పైలట్ కబురు చెప్పారు మేడమ్. విమానం దగ్గరికే వస్తారట."

షహీరా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నన్ను క్షమించమ్మా. విమానం ఎక్కేటప్పుడు నీకు అబద్ధం చెప్పాను. మా మరిదికి షుగర్ జబ్బు లేదు. ఆ చేదు వాడి గొంతులో దిగితే, దాచింది బయటికొస్తుందేమోనని ఆశపడ్డాను. వాడు నిలదీసినప్పుడు నా పేరు చెప్పేస్తావేమోనని ప్రాణాలు పోయాయనుకో. భలేదానివి! అన్నయ్య చెప్పాడని ఎంత చక్కగా అల్లావు!"

జుమాన తల అడ్డంగా ఊపింది. ఆమె చూపు చివరి వరుస మీదే ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేనేమీ అల్లలేదు మేడమ్," అంది. "ఆయన ఇంకా అక్కడే కూర్చున్నారు. ఎన్ని తువ్వాళ్ళిచ్చినా ఒంటి మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి."