కుడిపక్క గొంతు

"ఆ అపస్వరం ఎవరిదో తేలేదాకా ఈ గుమ్మం ఎవరూ దాటరు," అన్నాడు మాస్టారు.

శనివారం సాయంత్రం. చర్చిలో వేదిక మీద పాటల బృందం పదకొండుమందీ వరసగా నిలబడి ఉన్నారు. మర్నాడు ఆరాధనకి చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తున్నాయి. పాస్టరుగారు గర్వం గురించి ప్రసంగించబోతున్నారు. ఆ అంశం ఇచ్చింది కూడా మాస్టారే. పాటలవాళ్లకి ఈమధ్య పొగరెక్కిందనీ, తప్పు చూపిస్తే మొహం మాడ్చుకుంటున్నారనీ, గర్వం గురించి బైబిలు వాక్యంలో ఉన్న హెచ్చరికలన్నీ వాళ్ల చెవిన పడేలా చెప్పమనీ కోరాడు. ప్రసంగానికి ముందు పాడేది దేవుడి ముందు తల వంచుతామనే పాట. అది రాసిందీ ఆయనే, బాణీ కట్టిందీ ఆయనే.

ఆ పాటలోనే, చరణం పైకెక్కే చోట, ఎవరిదో గొంతు కిందికి జారిపోతోంది.

మాస్టారిది మామూలు చెవి కాదు. ముప్పై ఏళ్లు బడిలో సంగీతం చెప్పిన చెవి. హార్మోనియంలో ఒక మెట్టు వెంట్రుకవాసి తేడాగా పలికినా పట్టేస్తాడు. ఆ సంగతి కూడా ఎవరూ అడక్కుండానే చెబుతుంటాడు.

ఒక్కొక్కరినీ విడిగా పాడించాడు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చిన నర్సు తెల్లబట్టల్లోనే నిలబడి పాడింది. చర్చిలో మైకులు చూసుకునే ఎలక్ట్రీషియను పాడాడు. మిగతావాళ్లూ పాడారు. ఎవరి గొంతులోనూ వంక దొరకలేదు. అందరితో కలిసి తానూ అందుకున్నాడు. మళ్లీ అదే చోట జారింది.

"నా కుడిపక్క నుంచి వస్తోంది," అన్నాడు.

కుడిపక్కన ఉన్నది మిషనమ్మ. వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ఆ చరణం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు మిగతా పదిమందినీ మించి లేస్తోంది.

"నువ్వేనా అమ్మా?"

మిషనమ్మ చుట్టూ చూసింది. నర్సు తల దించుకుంది. ఎలక్ట్రీషియను చేతిలో ఉన్న వైరును చుట్టడం మొదలుపెట్టాడు.

"నేనే అయ్యుంటాను మాస్టారూ."

"అయ్యుంటాను ఏమిటి? గొంతు చించుకుంటే భక్తి అయిపోదు. అందరిలో నీ గొంతే వినపడాలని నీ ఆరాటం. గర్వమంటే అదే. దేవుడి దగ్గర కూడా తగ్గడం చేతకాకపోతే ఇంకెక్కడ తగ్గుతావు? రేపు నువ్వు పాడొద్దు. కింద కూర్చుని విను."

ఎలక్ట్రీషియను ఏదో అనబోయాడు. మిషనమ్మ కళ్లతోనే వారించింది. పాట కాగితం మడిచి స్టాండు మీద పెట్టి, మెట్లు దిగి, ఆఖరి బెంచీలో కూర్చుంది. ఇంటికి మాత్రం వెళ్లలేదు.

పదిమందితో మళ్లీ పాట మొదలైంది. చరణం పైకెక్కింది. గొంతు జారింది. ఇందాకటికన్నా స్పష్టంగా, దాపరికం లేకుండా జారింది. అందరూ ఆగిపోయారు. మాస్టారు కుడిపక్కకి తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"ఇదంతా రికార్డు అవుతోంది కదా," అన్నాడు ఎలక్ట్రీషియనుతో. "ఒక్కో మైకూ విడివిడిగా వినిపించు. దొంగ దొరికిపోతాడు."

రేపు చూసుకుందామని అతను నసిగాడు. మాస్టారు ఒప్పుకోలేదు.

వేదిక మీద ఉన్నవి మూడు మైకులు. బృందానికంతా కలిపి రెండు, మాస్టారికి ఒకటి. మొదటిది వినిపించాడు. అపస్వరం ఎక్కడో దూరంగా లీలగా వినపడింది తప్ప, మైకు దగ్గరున్న గొంతులన్నీ శుభ్రంగా ఉన్నాయి. రెండోదీ అంతే. మూడోది పెట్టకుండా ఎలక్ట్రీషియను చేయి వెనక్కి తీసుకున్నాడు.

"అదీ పెట్టు," అన్నాడు మాస్టారు. "శ్రుతి అంటే ఎలా ఉంటుందో వీళ్లు కూడా వింటారు."

పెట్టాడు. ఆ గొంతు నిబ్బరంగా మొదలైంది, నిబ్బరంగానే చరణం ఎక్కబోయింది, అక్కడే జారింది. మాస్టారు ఇంకోసారి వేయమన్నాడు. ఇంకోసారీ జారింది. మూడోసారి వేయమని అడగలేదు.

నెమ్మదిగా మెట్లు దిగాడు. బెంచీల మధ్య నుంచి నడిచి ఆఖరి బెంచీ దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాడు. ప్రార్థన అందుకుంటే అరగంటకి గానీ ఆగని మనిషికి ఆవేళ రెండు మాటలే వచ్చాయి.

"ప్రభువా, నేనే."

మిషనమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. చాలాసేపటికి ఆయన లేచి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లు అవుతోంది. పైస్థాయి మీ గొంతుకి సరిగ్గా అందడం లేదు మాస్టారూ. చెబితే మీరు పాటే మానేస్తారని మా భయం."

"అయితే నువ్వు అంత గట్టిగా పాడింది..."

"బయటికి వినపడకూడదని."

మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. రేపు తన మైకు ముందు ఆవిడే నిలబడాలనీ, తాను వెనక వరసలో ఒక మూల నిలబడి, చేతనైన చోట పాడి, కాని చోట ఊరుకుంటాననీ అన్నాడు. మిషనమ్మ సరేనంది.

"ఇందాక నిన్ను అన్నేసి మాటలన్నాను," అన్నాడు. "రెండేళ్లుగా అవన్నీ పడుతూ, నువ్వొక్కదానివే నన్ను కాచుకొచ్చావా అమ్మా?"

"నేనొక్కదాన్నే ఎందుకు మాస్టారూ," అంది మిషనమ్మ వేదిక మీదున్న పదిమంది వైపూ చూస్తూ, "మీ కుడిపక్కన నిలబడటానికి నెలకొకరం వంతులేసుకున్నాం. ఈ నెల నాది."