నాలుగో వైపు

కొట్టు షట్టరు దించేసి దర్జీ మళ్లీ బల్ల ముందు కూర్చున్నాడు. గుడ్డలు కత్తిరించే ఆ బల్ల నిండా పాతకాలపు రాజ్యాల పటం పరిచి ఉంది. బావతో ఈ యుద్ధం మొదలుపెట్టి నెలలైంది.

"నీకూ నీ ఆటకూ ఓ దండం. మిగతాది నువ్వే ఆడుకో" అని బావ ఇందాకే లేచి వెళ్లిపోయాడు.

దర్జీ మీసం దువ్వుకున్నాడు. పటమంతా తన ఎర్రబిళ్లలే. శత్రువుకి మిగిలింది ఒక్క కోట. దాన్ని నాలుగు వైపులా చుట్టుముట్టి, దర్జాగా బల్ల మీద రెండుసార్లు తట్టాడు. అలా తడితే 'ఇక నీ వంతు' అని బావాబావమరుదుల లెక్క.

షట్టరు మీద ఎవరో రెండుసార్లు తట్టారు.

"ఏం బావా, ఓడిపోతే నిద్ర పట్టట్లేదా?" అని నవ్వాడు.

ఈసారి పెరటి తలుపు మీద రెండుసార్లు. ఆ వెంటనే కిటికీ మీద రెండుసార్లు.

దర్జీ నవ్వు ఆగిపోయింది. కోట చుట్టూ తను పేర్చిన బిళ్లల వంక చూశాడు. కొట్టుకి నాలుగో వైపున్నది ఉత్త గోడ. దానికి తలుపూ లేదు, కిటికీ లేదు.

పెద్ద కత్తెర అందుకుని, ఛాతీ విరుచుకుని గోడకేసి తిరిగాడు.

"రండి చూద్దాం. ఇన్ని కోటలు పట్టినవాణ్ణి, నేను లొంగుతానా?"

గోడ మీద రెండుసార్లు చప్పుడైంది. ఇవతలి వైపు నుంచి.