ఎలుకల మార్పిడి

ఆదివారం మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ లేని సమయం చూసి, డాక్టర్ మాల్యాద్రి తన ఎలుకలను తనే దొంగిలించాడు.

జబ్బు పుట్టించి మందు ఎక్కించిన ఎలుకలను పంజరంలోంచి ఒక్కొక్కటే తీసి గోనెసంచిలో వేశాడు. వాటి చోట చెన్నై నుంచి తెప్పించిన ఆరోగ్యమైన ఎలుకలను పెట్టాడు. తోకల మీద పాత గుర్తులే సిరాతో మళ్ళీ వేశాడు. తేడా కనిపెట్టగల మొనగాడు నెల్లూరు జిల్లాలో ఇంకా పుట్టలేదని అతని ధీమా.

మర్నాడే పరీక్ష. ఆ ల్యాబుకు పెట్టుబడి పెట్టిన రమణయ్యకు మైపాడు దారిలో రొయ్యపిల్లల హేచరీలున్నాయి. ఆయన కాలేయంలో పైత్యరసం సరిగ్గా పారదు. కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళంతా దురద. కాలేయ కణాల్లో నీళ్ళు కదలడానికి దారులుగా ఉండే ప్రొటీన్లు ఉంటాయనీ, వాటి జన్యువును హాని చేయని వైరస్‌లో పెట్టి ఎక్కిస్తే పైత్యరసం మళ్ళీ పారుతుందనీ మాల్యాద్రి ఆయనకు బొమ్మలు గీసి చెప్పాడు. ముందు ఎలుకలకు, తర్వాత మనుషులకు. రమణయ్య బుద్ధిగా తల ఊపాడు.

రొయ్యలు పెంచుకునేవాడికి జన్యువంటే ఏం తెలుసని మాల్యాద్రి ఆ రోజంతా నవ్వుకున్నాడు. నిజానికి ఆ మందు మీద అతనికే నమ్మకం లేదు. మొదటి విడత ఎలుకల్లో ఒక్కటీ కోలుకోలేదు. ఇప్పుడు పంజరంలో ఉన్న రెండో విడతకు మోతాదు మార్చి ఎక్కించింది ఉష. అతని దగ్గర పరిశోధన చేసే కోవూరు అమ్మాయి.

శనివారం సాయంత్రం ఆమె అతని గది గుమ్మంలో నిలబడింది.

"సార్, ఎలకల సంగతి ఒకటి చెప్పాల."

"ఏడుపులన్నీ సోమవారం. వరినాట్లేసే ఊరి నుంచి వచ్చి నాకు సైన్సు చెప్తావా?"

ఆమె వెనుదిరిగి వెళ్ళిపోయింది.

ఆదివారం ఎలుకలు మార్చగానే మాల్యాద్రి కారు తీసుకుని మైపాడు వైపు వెళ్ళాడు. గోనెసంచికి రాయి కట్టి బకింగ్‌హాం కాలువలోకి విసిరేశాడు. చేతులు దులుపుకున్నాడు.

సోమవారం రమణయ్య వచ్చాడు. పరీక్షించడానికి విజయకుమారి అనే నిపుణురాలిని వెంట తెచ్చాడు. ఆమె ఎలుకకు మత్తిచ్చి, పైత్యనాళంలోకి సన్నటి గొట్టం దూర్చింది. పసుపుపచ్చని రసం చుక్కచుక్కగా దిగసాగింది.

"పారతా ఉండాదే" అన్నాడు రమణయ్య మెల్లగా. గోకుతున్న చెయ్యి ఆగిపోయింది. "నాక్కూడా ఇట్టనే పారతాదా డాక్టరు గారా?"

"ఎందుకు పారదు? చేసేది నేను కదా."

"ఇంకొక్క పరీక్ష ఉంది. జన్యువు కాలేయంలో చేరిందో లేదో చూడాలి" అంది విజయకుమారి.

ఆ ముక్క మాల్యాద్రికి తట్టలేదు. అప్పటిదాకా ఎవరినీ లెక్కచేయని మొహం కాస్త వాడింది.

భోజనాల తర్వాత విజయకుమారి ల్యాబులోంచి బయటికొచ్చింది. "వీటి కాలేయంలో మీ మందు జాడే లేదు. అసలివి జబ్బుపడిన ఎలుకలే కావు. ఎవరు మార్చారు?"

మాల్యాద్రి తడుముకోకుండా, గుమ్మం పక్కన నిలబడ్డ ఉష వైపు వేలు చూపించాడు. "పంజరాల తాళాలు ఈ పిల్ల దగ్గరే ఉంటాయి. పేరు కోసం చేసి ఉంటుంది."

రమణయ్య అతని వంకే చూస్తూ అన్నాడు. "నిన్న మజ్జాన్నం కాలువ కాడ మా పనోళ్ళు మిమ్మల్ని చూసినారు. గోనెసంచి ఇసిరేసినారంట. చెత్తేమో అనుకున్నా. మర్యాద కాదని అడగలా."

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. మాల్యాద్రికి సిగ్గు రాలేదు, కోపం వచ్చింది.

"అవును, నేనే మార్చాను. ఆ చచ్చు ఎలుకలను మీకేం చూపించమంటారు? ఆ మందు పని చేయదు. దాన్ని పని చేయించడం ఈ పిల్ల కాదు కదా, ఈ పిల్లను కన్నవాళ్ళ వల్ల కూడా కాదు."

రమణయ్య కుర్చీలో కూలబడ్డాడు. ఉష ఆయన పచ్చటి కళ్ళలోకి చూసి, మాల్యాద్రి వైపు తిరిగింది.

"శనివారం వాటి రక్తం తీసి చూసినా సార్. మీరు కాలువలో ముంచిన ఎలకలన్నిటికీ జబ్బు నయమైపోయింది."