ఫిబ్రవరి ద్రాక్షలు

“చదువు ఒనొరీన్. ఏం రాశాడు వాడు?”

ఎవరిస్త్ లాంబ్రే చలిమంట దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు. ఫ్రాన్సులోని బుర్గుండి ప్రాంత చరిత్రను ఆరు సంపుటాలుగా రాసిన మనిషి. మఠాలు వందల ఏళ్ళుగా దాచుకున్న దొంగ దానపత్రాలను ఒక్క తేదీ తేడాతో పట్టేసి, బిషప్పులకు కంటిమీద కునుకు లేకుండా చేశాడు. నిరుడు నవంబరులో ఆయనకు చూపు పూర్తిగా పోయింది.

ఒనొరీన్ కాగితం విప్పింది. అది ఖాళీ కాగితం. క్రిమియా యుద్ధానికి వెళ్ళిన కొడుకు ఫాబియాన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి ఐదు నెలలైంది. ఓడలు ఆలస్యమై ఉంటాయి, అంతే. ఈలోగా భర్త బెంగపడకూడదని ఆమే కల్పించి చదువుతోంది.

“‘నాన్నా, నేను కులాసా. ఇక్కడ తోటల్లో ద్రాక్ష కోస్తున్నారు. నాకూ ఒక గుత్తి ఇచ్చారు.’”

“తియ్యగా ఉన్నాయటా?”

“తేనేనట!”

ఆయన నవ్వాడు. “జవాబు రాయి. మీ అమ్మ బాగుంది, నీ ఉత్తరాలతోనే బతుకుతోంది, మానకుండా రాస్తూ ఉండు అని.”

వంటింట్లో చెల్లెలు జెలీ తల పట్టుకుంది.

“సెప్టెంబరులో పండే ద్రాక్షను ఫిబ్రవరిలో కోయించావేంటే అక్కా! పాపం, బావగారికి కళ్ళతోపాటు బుర్ర కూడా మందగించినట్టుంది. ఒకప్పుడైతే ఆ ఒక్క ముక్కకే నిన్ను నిలదీసేవాడు.”

“నోర్ముయ్. నవ్వాడు కదా, నాకదే చాలు.” ఒనొరీన్ ఆ ఖాళీ కాగితాన్ని మడిచింది. “చదివినంతసేపూ వాడు నా పక్కనే ఉన్నట్టుంటుందే. అదీ లేకపోతే ఈపాటికి నేను పిచ్చిదాన్నయ్యేదాన్ని.”

మార్చి మొదట్లో ఎవరిస్త్ నిద్రలోనే పోయాడు. దిజోన్ పట్టణమంతా కదిలి వచ్చింది. ఒక్క అబద్ధపు కాగితాన్నీ తన కళ్ళముందు నిలవనివ్వని మనిషని సమాధి దగ్గర శిష్యులు ఏడ్చారు.

మర్నాడు ఒనొరీన్ ఆయన రాతబల్ల సర్దుతూ అడుగు సొరుగు లాగింది. మడతపెట్టిన కాగితం ఒకటి కనిపించింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి విప్పింది.

ఫాబియాన్ క్రిమియాలోని సెబాస్తొపోల్ దగ్గర చనిపోయాడని పటాలం నుంచి వచ్చిన ఆ ఉత్తరం అంచున, చూపు పోవడానికి నెల ముందు ఆయన రాసుకున్న మాటలున్నాయి: ‘అక్టోబరు రెండున అందింది, అసలు పత్రమే, ఒనొరీన్‌కు తెలియకూడదు.’