సామాన్ల గది

“లెగండి బాబూ! తమరు తొంగున్న సోటే అరలు రావాల.”

తాతబాబు కళ్ళు తెరవలేదు. కొత్తింటి గచ్చు మీద తువ్వాలు పరుచుకుని, కిటికీ వైపు తల పెడితే గాలి బాగుంటుందా, కాళ్ళు పెడితే బాగుంటుందా అని తేల్చుకునే పనిలో ఉన్నాడు.

“ఏ అరలయ్యా?”

“కడపరాళ్ళ అరలు. మూడేపులా. పైన అటక” అన్నాడు ఎల్లారావు మేస్త్రి, గోడకి ఆనించిన రాళ్ళు చూపిస్తూ. “సామాన్ల గది కదేటి ఇది?”

తాతబాబు లేచి కూర్చున్నాడు. “ఎవరయ్యా చెప్పింది? ఇది నా గది!”

“నాకేటి తెలుసు బాబూ? ఇంట్లో ఆడోళ్ళు రాళ్ళు ఇక్కడే దింపమన్నారు, దింపినాను.”

ఆడవాళ్ళంటే ఎవరో తాతబాబుకి వేరే చెప్పక్కర్లేదు. మేనల్లుడి పెళ్ళాం కనకరత్నం.

విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారని, ఉద్యోగాలు వానలా కురుస్తాయని విని, ఓ నెల్లాళ్ళుండి చూసుకుంటానని అమలాపురం నుంచి తాయారక్క దగ్గరికి వచ్చాడు తాతబాబు. ఆ నెల ఎప్పుడు నిండిందో ఎవరూ అడగలేదు. పుట్టింటివాణ్ణి పొమ్మని అక్క అనదు, మేనమామని పొమ్మని మేనల్లుడూ అనడు. జ్ఞానాపురంలో వాళ్ళు అద్దెకున్న వాటాలో మధ్యగది అతనికొదిలి, అక్క వంటింట్లో పొయ్యి పక్కన చాప వేసుకునేది. ఆవిడకి అక్కడే వెచ్చగా ఉంటుందని తాతబాబు ఎప్పుడో గ్రహించాడు. ఇప్పుడు మేనల్లుడు గవర్రాజు పోర్టు ఉద్యోగం చేసుకుంటూ పెందుర్తిలో సొంతిల్లు కట్టిస్తున్నాడు. ఈ తూర్పు గది గోడలు లేస్తుండగానే తాతబాబు దాన్ని తనదిగా ఖాయం చేసుకున్నాడు.

మధ్యాహ్నం కారియర్ పట్టుకుని అత్తాకోడళ్ళు రానే వచ్చారు.

“అక్కా, చూశావా! నా గదిలో అరలట!”

తాయారు కారియర్ ఠక్కున కింద పెట్టింది. “ఏమే కనకం! నా తమ్ముడి గదిలో ఈ రాళ్ళేంటి?”

“సామాన్లకండి” అంది కనకరత్నం తొణక్కుండా. “కింద అరలో బియ్యం బస్తాలు. నడుం ఎత్తున రోజూ తీసే పప్పుల డబ్బాలు. దాని పైన ఆవకాయ జాడీలు. ఏడాదికోసారి దింపే గంగాళాలు అటక మీద. చోటు ముందే చూసుకోకపోతే రేపు మంచాల కింద వెతుక్కోవాలి.”

“బస్తాలు ముఖ్యమా, మనిషి ముఖ్యమా?”

“బస్తా అయితే వండుకోవచ్చు కదండి.”

ఎల్లారావు గబుక్కున గోడవైపు తిరిగి, సరిగ్గానే ఉన్న మూలని మళ్ళీ తాపీతో నున్నగా చెయ్యడం మొదలుపెట్టాడు.

కనకరత్నం నోటి సంగతి తాతబాబుకి తెలుసు. రాజీకి దిగాడు. “పోనీలేమ్మా, ఆ కింది అర ఒక్కటీ మానెయ్యి. రాళ్ళ కిందే పక్కేసుకుని సర్దుకుంటాను.”

కనకరత్నం నోరు తెరిచేలోగా తాయారే అందుకుంది. “రాళ్ళ కిందా! నా తమ్ముడేమన్నా బియ్యం బస్తానా? ఎలకలొచ్చి కాలివేళ్ళు కొరికితే?”

“ఎలకలదేముందక్కా, అలవాటైపోతుంది.”

“నీకు అలవాటవుతుందిరా, నా పరువేం కావాలి? నేనొప్పుకోను.”

“పోనీ, ఆ అటక మీద...”

“అటకెక్కుతావా, పాత సామానులాగా! నాన్నే ఉంటే ఈ మాట విని ఊరుకునేవాడా?”

“వరండాలో...”

“వీధికుక్కల సరసనా!”

తాతబాబుకి కాస్త చిరాకేసింది. తను ఒక్కో మెట్టూ దిగబోతుంటే అక్క జబ్బ పట్టుకుని పైకి లాగేస్తోంది. అయినా తన పరువు గురించి ఇంత పట్టింపు ఉన్న మనిషి ఇంకెవరున్నారు లోకంలో! మనసు కరిగిపోయింది.

“ఆఖరిసారి అడుగుతున్నానే కనకం” తాయారు గొంతు పెంచింది. “అరలు కావాలా, నా తమ్ముడు కావాలా?”

“అరలేనండి అత్తయ్యా.”

తాయారు అక్కడున్న సిమెంటు బస్తా మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. “చూశావట్రా... ఈ ఇంట్లో నా మాట విలువ!”

ఇక తాతబాబు ఆగలేకపోయాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“అక్క మాట చెల్లని ఇంట్లో నేనుండను. కాకినాడలో పెద్దక్క ఉంది. జ్ఞానాపురం వెళ్ళి పెట్టె సర్దుకుని ఈ పూటే పోతాను.”

“అన్నమైనా తిని వెళ్ళరా” అంది తాయారు కొంగు చాటు నుంచే.

తిన్నాడు. పౌరుషం పౌరుషమే, వంకాయ కూర వంకాయ కూరే. చెయ్యి కడుక్కుని గుమ్మంలో ఓ క్షణం ఆగి చూశాడు. ఆపడానికి అక్కకి ఓపిక కూడా ఉన్నట్టు లేదు, పాపం.

తాయారు రోడ్డు దాకా వచ్చి సాగనంపింది.

“ధైర్యంగా ఉండక్కా. కోడలికి భయపడకు” అని బస్సెక్కాడు తాతబాబు. పుట్టి బుద్ధెరిగాక ఒకరి కోసం ఏదైనా వదులుకోవడం ఇదే మొదలు. కిటికీ పక్కన కూర్చుంటే ఛాతీ దానంతటదే పొంగింది.

తాయారు తిరిగి వచ్చేసరికి ఎల్లారావు గదిలో రాళ్ళ దగ్గర తల గోక్కుంటూ నిలబడి ఉన్నాడు.

“ఇప్పుడీ రాళ్ళనేటి సెయ్యమంటారమ్మా?”

కనకరత్నం అత్తగారి వైపు చూసింది.

“మేం ముందు అనుకున్నట్టే వంటింట్లో పెట్టు, ఇక్కడ నా మంచం పడాలి” అంది తాయారు.